ఆ నంబరు మీద ఉన్నవాళ్ళు

ఆ క్లినిక్‌కు వచ్చేవాళ్ళలో ఆమె అసలు పేరు తెలిసినవాళ్ళు లేరు. తెలుసుకోవాలని ఎవరికీ తోచనూ లేదు. అందరికీ ఆమె షుగరమ్మ. పిల్లలు భయపడే మనుషులు వీధికొకరు ఉంటారు గానీ, పెద్దవాళ్ళు భయపడే మనిషి మాత్రం ఆ చుట్టుపక్కల ఈవిడ ఒక్కతే. బేకరీ మెట్లు దిగుతున్న పెద్దమనిషి ఉన్నట్టుండి పొట్లం వెనక్కి దాచుకున్నాడంటే, ఎదురుగా షుగరమ్మ వస్తోందని అర్థం.

పెద్ద డాక్టరుగారి కాలంలో ఆమె అక్కడ నర్సుగా చేరింది. ఆయన తర్వాత ఆయన కూతురు అదే కుర్చీలో కూర్చుని, వస్తూనే బల్ల మీదికి ఒక కంప్యూటరు తెప్పించింది. అందులో షుగరు ఉన్న ప్రతి మనిషికీ ఒక గడి. చక్కెర అదుపులో ఉంటే ఆకుపచ్చ, పరీక్ష గడువు దాటితే పసుపు, చక్కెర హద్దు మీరితే ఎరుపు. ల్యాబువాళ్ళు ఫలితం ఎక్కించగానే రంగు దానంతటదే మారుతుంది. అవసరమైతే ఆ మనిషి ఫోనుకు కబురు కూడా దానంతటదే వెళ్ళిపోతుంది.

"ఇది మందివ్వదు, సూది వెయ్యదు. దీనికెందుకమ్మా గదిలో ఇంత చోటు?" అని మొదట్లో షుగరమ్మ మూతి తిప్పింది. ఆ తర్వాత ఆ తెర ముందు నుంచి ఆమెను లేపడం ఎవరి తరమూ కాలేదు. పొద్దున్నే వచ్చి, చేతిసంచీ కూడా దించకుండా ఎర్రగళ్ళ కోసం వెతుకుతుంది. ఒక్క ఎరుపు కనిపించినా ఆమెకు ఆ పూట అన్నం సయించదు. ఫోను తీసి, ఆ మనిషి చెవిలో ఇల్లు కట్టుకుని పోరుతుంది.

ఊరికే వచ్చిన పట్టుదల కాదది. ఆమె భర్త కాలికి పుండు పడితే, వచ్చేవారం చూపిద్దాంలే అంటూ వారాలు గడిపాడు. ఆయనకు షుగరు ఉందని తెలిసేసరికి చెయ్యి దాటిపోయింది. నర్సు ఇంట్లోనే ఇలాగా అని నలుగురూ నోళ్ళు నొక్కుకున్నారు. ఈ రంగుల తెర అప్పుడే ఉంటే ఆయన గడి ఎర్రబడి ఉండేది, నేను చూసి ఉండేదాన్ని అని ఆమె ఇప్పటికీ అనుకుంటూ ఉంటుంది.

అంతా బాగానే ఉంది గానీ, ఆ కంప్యూటరుకు ఒక మొండితనం ఉంది. మనిషి పేరు, వయసు, మందులు అన్నీ నింపినా సరే, ఫోను నంబరు గడి ఖాళీగా ఉంటే సేవ్ కానే కాదు. ఫోను లేని మనిషికి జబ్బు రాదనుకున్నాడు కాబోలు, దాన్ని తయారుచేసిన మహానుభావుడు.

మొదట తన అత్తగారితోనే చిక్కొచ్చింది. ఆవిడకు షుగరు వచ్చి చాలా ఏళ్ళయింది, ఫోను మాత్రం చేత్తో ముట్టదు. షుగరమ్మ కాసేపు జుట్టు పీక్కుని, ఆ గడిలో తన నంబరే కొట్టేసింది. కబురు తన ఫోనుకు వస్తుంది, ఇంటికెళ్ళి చెబుతుంది. ఇందులో తప్పేముంది?

ఒకటి అయ్యాక రెండోది తేలిక. ఇస్త్రీ వదిన ఇంట్లో ఉన్న ఒక్క ఫోనూ మొగుడి జేబులో ఊరంతా తిరుగుతుంది, అందుకని ఆమెదీ ఇదే నంబరు. అపార్ట్‌మెంటు గేటు దగ్గర కాపలా ఉండే సెల్యూట్ అన్న, వచ్చిన కారుకూ పోయిన కారుకూ సెల్యూట్ కొట్టే మనిషి, కొన్న ఫోనల్లా పోగొట్టుకుంటాడు. అతనిదీ ఇదే. ఇక గడియారాల బాబాయ్ ఉన్నాడు. సందు మలుపులో చిన్న గదిలో వాచీలు బాగుచేస్తాడు, ఆ గది వెనకాలే ఒంటరిగా ఉంటాడు. "జనం చేతికి వాచీ పెట్టుకోవడం మానేసిందే ఫోన్ల వల్ల. నా పొట్ట కొట్టినదాన్ని నేనే జేబులో పెట్టుకుని తిరగమంటావా?" అని ఒంటికాలి మీద లేచాడు. అతని గడిలోనూ తన నంబరే పడింది.

ఎవరికి ఏ కబురు వచ్చినా ఆమె ఇంటికెళ్ళే దారిలో చెప్పేసేది. ఈ సంగతి డాక్టరమ్మకు తెలియదు. అడిగినప్పుడు చెబుదాంలే అనుకుంది. డాక్టరమ్మ అడగనూ లేదు.

ఇంకొక సంగతి కూడా ఉంది. కబురులో మనిషి పేరు ఉండదు. అది స్వయానా షుగరమ్మ పట్టుబట్టి చేయించిన మార్పే. ఒకామె ఫోను తమ్ముడి చేతిలో ఉన్నప్పుడు కబురు వచ్చి, ఆమె షుగరు సంగతి బంధువులందరికీ పాకిపోయింది. ఆమె క్లినిక్‌కు వచ్చి ఏడ్చింది. "ఎవరి ఫోనుకు పంపిస్తున్నామో మనకు తెలుసు కదమ్మా, మళ్ళీ పేరెందుకు?" అని షుగరమ్మ అంటే, డాక్టరమ్మకూ సబబే అనిపించింది. ప్రమాదం ఉన్నవాళ్ళకు పంపే కబురు మాత్రం బెదిరేలా ఉండాలని షుగరమ్మే దగ్గర కూర్చుని రాయించింది. "ఇలా రాస్తేగానీ కదలరమ్మా, నాకు తెలుసు వీళ్ళ సంగతి."

ఆ శనివారం ల్యాబువాళ్ళు క్లినిక్‌కు వచ్చి రక్తాలు తీశారు. తన నంబరు మీద ఉన్నవాళ్ళందరినీ ఆమె గొర్రెల్ని తోలినట్టు తోలుకొచ్చింది. జీవితమంతా వెంట్రుకంత గడియారపు ముళ్ళని పట్టుకుని పనిచేసిన గడియారాల బాబాయ్, సూదిని చూడగానే పిల్లాడిలా కుర్చీలోంచి లేచిపోయాడు.

"ఇదిగో బాబాయ్, ముందు నాకు తీస్తారు చూడు. నేను అరిస్తే నువ్వు పారిపో," అని షుగరమ్మ తన చెయ్యి చాచింది. ఆమె అరవలేదు. బాబాయ్ కళ్ళు గట్టిగా మూసుకుని, గొణుక్కుంటూ రక్తం ఇచ్చాడు. డాక్టరమ్మ తలుపు దగ్గర నిలబడి నవ్వుతూ చూసింది.

మర్నాడు ఆదివారం. క్లినిక్‌కు సెలవు. డాక్టరమ్మ పొద్దున్నే రైలెక్కి బంధువుల ఊరికి వెళ్ళింది, క్లినిక్ తాళం కూడా ఆమె సంచీలోనే వెళ్ళింది. ఆదివారం పూట ఫోను గోల పెడితే అత్తగారు శాపనార్థాలు పెడతారని షుగరమ్మ శబ్దం తీసేసి, దాన్ని అలమారలో పెట్టి బట్టలుతకడానికి కూర్చుంది. ఈమధ్య రెండు బట్టలు పిండితే చాలు ఒళ్ళు తూలిపోతోంది. వయసు మీద పడుతోందనుకుంది. భోజనాలయ్యాక, బట్టలు మడతపెట్టి అలమార తెరిచినప్పుడు గానీ ఫోను చూసుకోలేదు.

"మీ రక్తంలో చక్కెర ప్రాణానికి ప్రమాదమయ్యేంత ఎక్కువగా ఉంది. ఏ పని ఉన్నా వదిలేసి వెంటనే దగ్గరలోని ఆస్పత్రికి వెళ్ళండి. రేపటిదాకా ఆగవద్దు."

అది పొద్దున వచ్చిన కబురు. పొద్దున్నుంచీ అలమారలో బట్టల కింద పడి ఉంది.

షుగరమ్మ దాన్ని మళ్ళీ మొదటి నుంచి చదివింది. తను రాయించిన మాటలే తన మీదికి తిరగబడి వచ్చినట్టనిపించింది. ఎవరిదిది? నలుగురి పేర్లూ కళ్ళముందు తిరిగాయి. డాక్టరమ్మకు ఫోను చేస్తే అందుబాటులో లేరని ఒక ఆడగొంతు తాపీగా చెప్పింది. మళ్ళీ చేసింది. మళ్ళీ అదే గొంతు, అదే తాపీ. ల్యాబుకు చేస్తే మోగి మోగి ఆగిపోయింది.

ముందు ఇంట్లో మనిషిని చూడాలి. షుగరు మిషను తీసుకుని అత్తగారి మంచం దగ్గరికి పరుగెత్తింది.

"అత్తయ్యా, వేలివ్వండి."

"నిన్ననేగా రక్తమంతా పీల్చారు! ఇంకా మిగిలిందా ఏంటి?"

"ఇవ్వండి ముందు."

కోడలి గొంతు విని ఆవిడ మారుమాట లేకుండా వేలు చాచింది. మిషను అంకె చూపించింది. ఎప్పుడూ ఉండేదే, బెంగపడాల్సినది కాదు. షుగరమ్మ చెంబెత్తి గటగటా నీళ్ళు తాగింది.

"ఏమైందే? మొహమంతా పీక్కుపోయింది. అన్నం సరిగ్గా తినవు, బిందెలు బిందెలు నీళ్ళు తాగుతావు."

"ఎండలు కదత్తయ్యా," అని మిషను, మిగిలిన స్ట్రిప్పులు సంచీలో పడేసుకుని, ఆమె బయటపడింది.

వీధి ఎండకు తెల్లగా మండిపోతోంది. షట్టర్లన్నీ దించి ఉన్నాయి. నడుస్తూనే మళ్ళీ డాక్టరమ్మకు ఫోను చేసింది. అందుబాటులో లేరు. తన నంబరు ఇవ్వకుండా ఉంటే? కనీసం డాక్టరమ్మకు ఒక్క ముక్క చెప్పి ఉంటే? కబురులో పేరు ఉంచమని ఉంటే? అంత తెలివి ఎవడు వాడమన్నాడు నిన్ను, అని తనను తానే తిట్టుకుంది. ఎక్కడో ఒక గదిలో ఒక మనిషి ఒళ్ళు తెలియకుండా పడి ఉన్నట్టు కళ్ళకు కడుతోంది. మొహం మాత్రం ఒక్కోసారి ఒక్కొక్కరిది.

ఇస్త్రీ వదిన మెట్ల కింద బల్ల ముందు నిలబడి దుప్పటి మడతపెడుతోంది. నిలబడి ఉందంటేనే సగం ప్రాణం లేచొచ్చింది. అయినా నమ్మడానికి లేదు. ఆమె వేలు పట్టుకుని గుచ్చేసింది.

"అయ్యో, చెప్పా పెట్టకుండా ఏంటమ్మా ఇది! దుప్పటికి నెత్తురంటితే నన్ను చంపేస్తారు."

అంకె కొంచెం ఎక్కువే. మామూలప్పుడైతే షుగరమ్మ పావుగంట క్లాసు పీకేది. ఇవాళ మాత్రం "పర్లేదు, పర్లేదు" అని గోడకు ఆనుకుంది. షుగరమ్మ నోట పర్లేదన్న మాట విని వదినకు భయం వేసింది.

"నాకేమన్నా పెద్ద జబ్బా? దాస్తున్నావా?"

"నీక్కాదు. కాసిని నీళ్ళియ్యి. బాత్రూము ఎటు?"

అక్కడి నుంచి అపార్ట్‌మెంటు గేటు. ఆ నాలుగు అడుగులకే కాళ్ళు బరువెక్కాయి. గేటు దగ్గర కుర్చీ ఖాళీగా ఉంది. కుర్చీ మీద టోపీ ఉంది, మనిషి లేడు. "అన్నా! సెల్యూట్ అన్నా!" అని గేటు పట్టుకుని ఊపింది. పై అంతస్తుల్లో కిటికీలు తెరుచుకున్నాయి. చాలాసేపటికి పంపు గదిలోంచి, తడి చేతులు తుడుచుకుంటూ అతను వచ్చాడు. అలవాటు కొద్దీ ఆమెకూ ఒక సెల్యూట్ కొట్టాడు. ఆ సెల్యూట్ చూసి ఆమెకు ఏడుపొచ్చినంత పనైంది.

అతనిదీ బాగానే ఉంది.

ఇంకెవరు? ఒక్కరే. ఒంటరిగా ఉండే మనిషి. పడిపోయినా లేపే దిక్కులేని మనిషి. నిన్న సూది వద్దు మొర్రో అంటే, బతిమాలి కూర్చోబెట్టిన మనిషి. "దేవుడా, బాబాయ్‌దేనా?" అని ఆమె పైకే అనేసింది. సెల్యూట్ అన్న ఏదో అడిగాడు గానీ ఆమె చెవికెక్కలేదు. నడవబోతే వీధి చివర మసకగా అలుక్కుపోయినట్టు కనిపించింది. చెమట పట్టిందేమోనని కళ్ళు తుడుచుకుంది. ఎంత తుడిచినా మసక పోలేదు.

గడియారాల గది తలుపు వేసి ఉంది. లోపల గడియారాలు ఒకదానితో ఒకటి పొంతన లేకుండా కొట్టుకుంటున్నాయి. మనిషి అలికిడి లేదు. తలుపు బాదింది. ఉలుకూ పలుకూ లేదు. రెండు చేతులతో బాదింది. "బాబాయ్! నీకు దణ్ణం పెడతాను, తలుపు తియ్యి!"

గడియ తీసిన చప్పుడైంది. బనీను మీద, నిద్రమొహంతో, ఒక కంటికి భూతద్దం ఇంకా తగిలించుకునే బాబాయ్ నిలబడి ఉన్నాడు.

"ఏంటే తల్లీ, ఊరేమన్నా మునిగిపోతోందా?"

ఆమె అతన్ని తోసుకుంటూ లోపలికి వెళ్ళి, స్టూలు మీద కూలబడి, అతని వేలు లాక్కుంది. ఈసారి అతను సూదికి భయపడలేదు. తనే వేలు ముందుకు చాచి, ఆమె చేతిని నిలకడగా పట్టుకున్నాడు. మిషను ఆలోచించి అంకె చూపించింది.

మంచి అంకె. నలుగురిలోకీ మంచి అంకె.

సంతోషించాల్సింది పోయి షుగరమ్మకు భయం రెట్టింపైంది. అందరూ బాగుంటే ఆ కబురు ఎవరిది? తను మర్చిపోయిన మనిషి ఇంకెవరైనా ఉన్నారా? ఎవరికో తన నంబరు రాసేసి, ఆ మనిషి మొహమే గుర్తులేకుండా పోయిందా? ఏడుస్తూనే జరిగిందంతా బాబాయ్‌కు చెప్పింది. అతను కూజా వంచి గ్లాసుతో నీళ్ళిచ్చాడు. తాగింది. ఇంకో గ్లాసు అడిగి తాగింది. మళ్ళీ గ్లాసు చాచింది.

బాబాయ్ కూజా వంచబోయి ఆగాడు. ఆమె మొహం చూసి నవ్వించాలనిపించింది కాబోలు, వేలు చూపించి అచ్చంగా ఆమె గొంతుతో మొదలుపెట్టాడు. "ఏమయ్యా, దాహం ఎక్కువగా ఉందా? మాటిమాటికీ బాత్రూముకు పోతున్నావా? కళ్ళు మసకేస్తున్నాయా? తినకుండానే నీరసమా, తిన్నా నీరసమా? చిక్కిపోతున్నావా?"

అది ఆమె ప్రతి మనిషినీ అడిగే పాఠమే. బాబాయ్‌కు కంఠతా వచ్చు. షుగరమ్మ నవ్వబోయింది. నవ్వు సగంలోనే ఆగిపోయింది. గ్లాసు కింద పెట్టి, సంచీలోంచి ఇంకో స్ట్రిప్పు తీసింది. ఇంతమంది వేళ్ళు గుచ్చిన చెయ్యి, తన వేలు గుచ్చుకోవడానికి మాత్రం తడబడింది.

మిషను అంకె చూపించలేదు. హై అని ఊరుకుంది. తను లెక్కపెట్టగలిగినదానికన్నా ఎక్కువ ఉంటే అది అంతే అంటుంది. క్లినిక్‌లో ఆ మాట కనిపించిన రోజున షుగరమ్మ ఆస్పత్రి వ్యాను వచ్చేదాకా కూర్చునేది కాదు.

అప్పుడే ఫోను వెలిగింది. డాక్టరమ్మ.

"అక్కా! రైల్లో సిగ్నలే లేదు, నీ ఫలితం ఇప్పుడే చూశాను. ఏ ఆస్పత్రిలో ఉన్నావు?"

"నేనా? నేను... అమ్మా, ఆ కబురు..."

"నిన్న బాబాయ్‌కి చూపించడానికి ఇచ్చావు కదా రక్తం, దాన్ని పారెయ్యనివ్వలేదు నేను. ఎన్నాళ్ళుగానో చూస్తున్నాను నీ వాలకం, అడిగితే ఎండలంటావ్. నీ పేరూ నంబరూ కంప్యూటరులో ఎక్కించి నేనే ల్యాబుకు పంపించాను. పొద్దున్నే కబురొచ్చిందిగా! ఇంకా వెళ్ళలేదా నువ్వు?"

తను రక్తం ఇచ్చిన సంగతే ఆమె బుర్రలో లేదు. అదొక ఆట అనుకుంది. ఇంతసేపూ నలుగురి మొహాలు కళ్ళముందు తిరిగాయి గానీ, ఆ నంబరు అసలు ఎవరిదో ఒక్కసారైనా గుర్తు రాలేదు. భర్త ఇలాగే పోయాడు. ఇంట్లో నర్సు ఉండగానే పోయాడు. ఆమెకు ఇప్పుడు నిజంగా భయం వేసింది. ఇది ఇంకొకరి కోసం పడే భయంలా లేదు.

"వెళ్తున్నానమ్మా," అంది, లేవబోయి లేవలేకపోయింది.

బాబాయ్ చొక్కా కూడా తొడుక్కోకుండా వీధిలోకి పరుగెత్తి ఆటోను అడ్డగించాడు. దారిలో గేటు దగ్గర ఆపించి, వాళ్ళ అత్తగారికి చెప్పి రమ్మని సెల్యూట్ అన్నను పంపించాడు. ఆటోలో ఆమె తల అతని భుజం మీద వాలిపోయింది. "బాబాయ్, నేను లేకపోతే మీ అందరికీ ఎవరు చెబుతారు?" అని గొణుగుతూనే ఉంది. "నోర్ముయ్యి," అన్నాడతను.

ఆస్పత్రిలో ఆమెను చక్రాల కుర్చీలో కూర్చోబెట్టారు. ఒక నర్సు ఆమె చేతికి నరం వెతుకుతోంది. పక్కనే కౌంటరు వెనక ఒక చిన్నమ్మాయి కంప్యూటరులో టకటకా పేరు, వయసు కొట్టుకుంటోంది.

"ఈమె తాలూకు ఇంకొకళ్ళ ఫోను నంబరు చెప్పండి. ఏదైనా అయితే చెయ్యడానికి. ఇప్పుడు ఊళ్ళో ఉన్నవాళ్ళది కావాలి."

బాబాయ్ షుగరమ్మ వైపు చూశాడు. షుగరమ్మ ఆలోచించింది. డాక్టరమ్మ ఊళ్ళో లేదు. అత్తయ్యకు ఫోను లేదు. వదినకు లేదు. సెల్యూట్ అన్నకు లేదు. తనవాళ్ళనుకునే మనుషులందరూ తన నంబరు మీదే ఉన్నారు.

"నాకు ఫోను లేదమ్మా," అన్నాడు బాబాయ్. "ఇదిగో, ఈ బెంచీ మీదే కూర్చుంటాను. ఎప్పుడు పిలిచినా పలుకుతాను. అలా రాసుకో."

"అలా రాయడానికి లేదండీ. నంబరు లేకపోతే సేవ్ అవ్వదు."

బాబాయ్ ఆ బనీనుతోనే, చేతులు జోడించి అలాగే నిలబడ్డాడు. అమ్మాయి అతన్ని చూసింది, కుర్చీలోని ఆమెను చూసింది, ఎవరైనా గమనిస్తున్నారేమోనని అటూ ఇటూ చూసింది. తర్వాత తలవంచుకుని గబగబా ఒక నంబరు కొట్టింది. సేవ్ అయింది.

ఎవరి నంబరు కొట్టిందో షుగరమ్మకు చెప్పక్కర్లేదు. కుర్చీని లోపలికి తోస్తుంటే, ఉన్న ఓపికంతా కూడగట్టుకుని ఆమె చక్రం పట్టుకుని ఆపింది.

"అమ్మాయ్, నీ ఫోనులో నా పేరు రాసుకో తల్లీ. నంబరు ఎవరికిచ్చావో మర్చిపోతావు."